బావ నడుము కొలిచిన ఆదివారం

నా ఉద్యోగమేమిటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. వాళ్ళ తప్పేమీ లేదు, చెప్పేదాన్ని నాకే చెప్పడం రాదు. నాచారం పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు చేసే ఒక షెడ్డు మీద, రెండో అంతస్తులో కూర్చుని, ముక్కూ మొహం తెలియని మనుషుల నడుములు కొలుస్తాను. టేపుతో కాదు. ఎంఆర్ఐ తీస్తే నడుమును బ్రెడ్డులా పలచగా కోసినట్టు వరసగా బొమ్మలు వస్తాయి. ఒక్కొక్క బొమ్మ మీద మౌసుతో వెన్నుపూస చుట్టూ ఒక గీత, పూసకూ పూసకూ మధ్య ఉండే మెత్తటి డిస్కు చుట్టూ ఒక గీత, వెనకాల నరాలు తేలుతూ ఉండే సంచి చుట్టూ ఒక గీత గీస్తాం. గీసిన ముక్కలన్నిటినీ కంప్యూటర్ ఒకదాని మీద ఒకటి పేర్చి, ఈ సంచి ఘనపరిమాణం ఇంత అని చెబుతుంది. ఆ అంకె ఎవరో చేసే ఏదో పరిశోధనకు పోతుంది. పేషెంటు పేరు మాకు రాదు, మా పేరు వాళ్ళకు పోదు.

పెళ్ళైన చాలా ఏళ్ళకు, నేను ఈ పనిలో చేరిన కొత్తలో, మా అత్తమ్మ ఇదంతా శ్రద్ధగా విని, "అయితే ఆ సంచిల ఎన్ని పాలు పడ్తయే?" అని అడిగింది. నేను కాసేపు ఆలోచించి పెద్ద చెంచాతో రెండు మూడు అన్నాను. "గంతేనా? గంత దానికి పొద్దంత కూసుంటవా?" అని జాలిగా చూసింది. ఆమె మా నాన్నకు చెల్లెలు. నా భర్త ఆమె కొడుకే, అంటే నాకు మేనబావ. పెళ్ళై పదిహేనేళ్ళైనా నేనతన్ని బావా అనే పిలుస్తాను, నువ్వు అనే అంటాను, కోపం వస్తే ఇంకా చాలా అంటాను. నాకు కోపం తొందరగా వస్తుంది. ఇది చెప్పుకోవలసిన గొప్ప విషయం కాదు గానీ, చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

బావ లిఫ్టులు బిగించే మెకానిక్. పీర్జాదిగూడ వైపు లేస్తున్న కొత్త అపార్ట్‌మెంట్లలో, లిఫ్టు ఇంకా రాని బిల్డింగుల్లో, సామాను మోసుకుంటూ మెట్లెక్కి పోయే బతుకు అతనిది. పోయిన వానాకాలం నడుము పట్టేసింది. మొదట జండూబామ్, తర్వాత బెల్టు, తర్వాత మాత్రలు. ఆ తర్వాత ఎడమకాలు మొద్దుబారడం మొదలైంది. ఉప్పల్‌లో మా ఇల్లు మెట్రో పిల్లర్లకు రెండు గల్లీల లోపల. అతను గల్లీలో నడిచి వస్తుంటే ఎడమపాదం నేలకు టప్ టప్‌మని కొట్టుకునే చప్పుడు వంటింట్లోకి వినిపించేది.

ఏఎస్ రావు నగర్‌లో ఒక ఆసుపత్రిలో చూపించాం. స్కానింగ్ తీశారు. డాక్టరు మర్యాదస్తుడు, తొందర లేకుండా చెప్పాడు. నడుములో నాలుగో పూసకూ ఐదో పూసకూ మధ్య డిస్కు వెనక్కి జారి నరాల సంచిని గట్టిగా నొక్కుతోందని రిపోర్టు వచ్చిందట. "పాదం పైకెత్తే బలం తగ్గుతోందమ్మా. తొందరగా ఒత్తిడి తీసేస్తే తిరిగి రావచ్చు. ఆలస్యం చేస్తే పాదం అట్లనే వేలాడిపోవచ్చు. గురువారం పెట్టుకుందాం" అన్నాడు. బావ తలూపాడు. నేను కూడా ఊపాను. బయటికొచ్చి ఆటో ఎక్కాక స్కానింగ్ సీడీ కవరు ఒళ్ళో పెట్టుకున్నాను. వెన్ను కోసిన వాళ్ళ బొమ్మలు నేను బోలెడు చూశాను. కోసి బాగుపడ్డవాళ్ళెవరో, పడనివాళ్ళెవరో ఆ బొమ్మల్లో రాసి ఉండదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిన్నాక, బావ చాప మీద పక్కకు తిరిగి పడుకున్నాడు. నేను డైనింగ్ టేబుల్ మీద పాత లాప్‌టాప్ తెరిచి స్కానింగ్ సీడీ పెట్టాను. ఎందుకు పెట్టానంటే ఏం చెప్పను? టైలరమ్మ ఎవరి జాకెట్టు చూసినా ముందు కుట్లు చూస్తుంది. ఊరందరి నడుములూ కొలిచే నేను ఇంట్లోవాడి నడుము కొలవకుండా గురువారం దాకా ఎలా ఉండను?

ఇక్కడ మా గది పద్ధతి ఒకటి చెప్పాలి. మనిషి నడుములో ఐదు పూసలుంటాయి. పై నుంచి కిందికి ఒకటి, రెండు అని ఐదు దాకా పేర్లు. ఐదో దాని కింద ముక్కోణం లాంటి పెద్ద ఎముక ఉంటుంది, నడుమంతా కూర్చునే పీట అదే అనుకోవచ్చు. కానీ మాకు వచ్చే బొమ్మలు ఛాతీ చివరి నుంచి ఎక్కడో సగంలో మొదలవుతాయి, పైన ఒకటో పూస ఎక్కడ మొదలైందో తేల్చుకోవడానికి టైము పడుతుంది. అందుకని మేమంతా కింది నుంచి లెక్కపెడతాం. ముక్కోణపు ఎముక మీద కూర్చున్నది ఐదు, దానిపైది నాలుగు. మాకు నేర్పినవాళ్ళు అలాగే నేర్పారు, మేము కొత్తవాళ్ళకు అలాగే నేర్పాం. అలవాటై అలవాటై, అది లెక్కపెట్టడం అని కూడా అనిపించదు.

బావ బొమ్మల్లోనూ అలాగే కింది నుంచి వెళ్ళాను. ఐదు, నాలుగు. రెండిటి మధ్య చోటుకు వచ్చి, సంచి చుట్టూ గీత గీశాను. అంకె చూసి నాకేమీ అర్థం కాలేదు. సంచి నిండుగా ఉంది. నొక్కుడు లేదు, ఏమీ లేదు. చెరిపి మళ్ళీ గీశాను. అంకె కొంచెం మారింది, అంతే. మూడోసారి కళ్ళద్దాలు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి గీశాను. ఆఫీసులో అయితే ఒకే నడుమును ఇద్దరం విడివిడిగా గీస్తాం, తేడా ఎక్కువ వస్తే మూడో మనిషి తేలుస్తుంది. ఇంట్లో మొదటి మనిషినీ నేనే, రెండో మనిషినీ నేనే, మూడో మనిషినీ నేనే. ముగ్గురమూ ఒకే మాట అన్నాం: ఈ నరాలకు కావలసినంత జాగా ఉంది.

ఇంకా పైన ఒకచోట ఉబ్బు కనిపించింది. అబద్ధమెందుకు, కనిపించింది. కానీ మా పనిలో అడిగింది కొలుస్తాం, అడగని దాని జోలికి పోము. నలభై దాటిన ఏ నడుములో చూసినా ఎక్కడో ఒక ఉబ్బు ఉండనే ఉంటుంది. రిపోర్టులో నాలుగు, ఐదు అని ఉంది, నేను నాలుగు, ఐదు కొలిచాను. నా మెదడు అంతకు మించి ఒక్క అడుగు వేయలేదు.

అప్పుడు నా బుర్రలోకి ఏవేవో వచ్చాయి. సీడీ వేరేవాళ్ళదేమో అనుకున్నాను. పేరు, వయసు చూశాను, బావదే. డాక్టరుకు ఆపరేషన్లు కావాలేమో అనుకున్నాను. ఆయన ముఖం గుర్తొచ్చి సిగ్గేసింది. చివరికి బావ వైపు చూశాను. జలుబు చేస్తే వారం రోజులు శాలువా కప్పుకుని మూలిగే మనిషి. ఈ లిఫ్టుల పని ఇక నా వల్ల కాదని దసరా నుంచి అంటున్నాడు. మనసులో భయం పెట్టుకుని కాలు ఈడుస్తున్నాడేమో అనిపించింది. నిజం చెప్పాలంటే, నాకు ఆపరేషన్ వద్దని గట్టిగా ఉంది. ఆ అంకె నేను వినాలనుకున్న మాటే చెప్పింది, అందుకే దాన్ని నమ్మాను.

బావ లేచి టీ అడిగాడు. గ్లాసు ముందు పెడుతూ అనేశాను. "నీ నడుం మంచిగనే ఉంది బావా. మూడుసార్లు కొలిచిన. నరాలకు మస్తు జాగ ఉంది. దేనికి నడుం కోపిచ్చుకుంటవ్?"

"మరి కాలు?"

"కాలుకేమైంది? భయపడుకుంట ఈడుస్తున్నవ్. ధైర్యంగ నడువు, అదే వస్తది."

అతను నన్ను చూశాడు, లాప్‌టాప్ చూశాడు, టీ తాగాడు. ఏమీ అనలేదు. అతను ఏమీ అనకపోతే నా మాట నచ్చలేదనుకుంటాను నేను. ఆ రోజూ అలాగే అనుకుని గిన్నెలు తోముకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో డబ్బాలు విప్పుకున్నాక కూడా నాకు అన్నం దిగలేదు. రెండు రోజులుగా బుర్రలో ఒకటే గందరగోళం. రిపోర్టు రాసినవాడు చదువుకున్నవాడు. నా గీత కూడా వంకర గీత కాదు. ఇద్దరం నిజం ఎలా అవుతాం? మా గదిలో అందరికంటే సీనియరు మల్కాజిగిరి నుంచి వచ్చే అక్క. భర్త రైల్వేలో చేస్తాడు, వాళ్ళది విజయనగరం వైపు. ఎవరిదో చెప్పకుండా ఆమెను అడిగాను. రిపోర్టులో నాలుగు-ఐదు దగ్గర బాగా నొక్కింది అని ఉందక్కా, కొలిస్తే సంచి నిండుగా ఉంది, ఇదెట్లా అని.

అక్క పెరుగన్నం కలుపుతూ, "పై నుంచి లెక్కపెట్టావా?" అంది.

"పై నుంచా?"

"మెడ నుంచి కింది దాకా పొడుగ్గా ఒక మసక బొమ్మ ఉంటుంది కదమ్మా, మొదట్లో. కొందరికి నడుములో ఆరు ఉంటాయి. ఆ ముక్కోణపు ఎముకలోంచి ఒకటి విడిపోయి ఉంటుంది. మనం కింది నుంచి లెక్కపెడితే అన్నీ ఒకటి జరిగిపోతాయి."

ఆ పొడుగు బొమ్మ నాకు తెలుసు. మా గదిలో అందరికీ తెలుసు. కొలతకు పనికిరాదని ఎవరమూ తెరవం.

ఒంట్లో బాగాలేదని చెప్పి బయటపడ్డాను. నాచారం నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్‌కు ఆటోలో కూర్చున్నంతసేపూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, ఐదే ఉంటాయి, అందరికీ ఐదే ఉంటాయి అని. ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఆ బొమ్మ తెరిచాను. మసకగా, పొగలో చూసినట్టు ఉంది. స్క్రీను మీద వేలు పెట్టి మెడ దగ్గర మొదలుపెట్టాను. మెడలో ఏడు. ఛాతీలో పన్నెండు. నడుములోకి వచ్చేసరికి లెక్క తప్పింది. మళ్ళీ మొదటి నుంచి. మూడోసారి కాగితం మీద పూసకొక గీత పెట్టుకుంటూ వచ్చాను. నడుములో ఆరు గీతలు వచ్చాయి.

స్కానింగ్ రిపోర్టు పై నుంచి లెక్కపెట్టి రాసింది. నేను కింది నుంచి లెక్కపెట్టి, ఒక పూస దిగువన, బాగున్న చోట కొలిచాను. అడగలేదు కదా అని వదిలేసిన ఆ పైన ఉబ్బు దగ్గరికి వెళ్ళి ఇప్పుడు గీత గీశాను. సంచి అక్కడ సగం కూడా లేదు.

ఏడవలేదు నేను. ఏడుపు కంటే ముందు ఇంకో భయం వచ్చి కూర్చుంది. ఆపరేషన్ చేసేవాళ్ళు కూడా బల్ల మీద ఎక్స్‌రే చూసుకుంటూ కింది నుంచి లెక్కపెడితే? గురువారం బావ వెన్ను తప్పుచోట తెరుస్తారు. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేశాను. రిసెప్షన్ అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, "గురువారం ఆపరేషనా మేడమ్? ఆ పేషెంటు నిన్ననే క్యాన్సిల్ చేసుకున్నరు గదా" అంది.

నేను ఎవరు క్యాన్సిల్ చేశారని అడిగాను. ఆయనే ఫోన్ చేశారంది. నా ఫోను మాటలు విని అత్తమ్మ లోపలి గదిలోంచి వచ్చింది.

"నువ్వే అన్నవంట గదా బిడ్డా, నడుం మంచిగున్నదని. నిన్న పొద్దుగాల్నే పనికి పోయిండు. ప్రార్థన ఊకె పోలే అని నేను చర్చిల అక్కలకు గూడ చెప్పిన."

నిన్న పొద్దున నేను లేచేసరికి అతను వెళ్ళిపోయాడు. సూపర్‌వైజర్‌కు సెలవు చీటీ ఇవ్వడానికి పోయాడనుకున్నాను. ఈ రోజూ ఎక్కడికి పోతున్నావని అడగలేదు, అలిగి ఉన్నాడనుకుని నేనూ బిగుసుకుని కూర్చున్నాను. ఇప్పుడు అతనికి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. పది సార్లు చేశాను. అత్తమ్మ నా పక్కనే నిలబడి చూస్తోంది. ఆమె ముఖంలో అంత సంతోషం ఈ మధ్య నేను చూడలేదు.

ఎండ తగ్గే వేళకు బావ ఆటో దిగాడు. ఆటోడ్రైవరు చెయ్యిపట్టి దించాడు. కుడికాలికి చెప్పు ఉంది. ఎడమకాలికి లేదు. అరికాలు మట్టి, సిమెంటు, బొటనవేలి పక్కన తెగి రక్తం ఎండిపోయి ఉంది.

"చెప్పు ఏది బావా?"

అతను వంగి తన కాలు చూసుకున్నాడు. అప్పుడే చూసుకుంటున్నాడని నాకు అర్థమైంది. "ఏమో. తొమ్మిది అంతస్తులు ఎక్కి దిగిన. యాడ్నో జారిపోయినట్టుంది. తెలువలే" అన్నాడు.

బుధవారం పొద్దున్నే ఇద్దరం ఆసుపత్రిలో ఉన్నాం. డాక్టరు బావ పాదాన్ని కిందికి నొక్కి, "ఇప్పుడు పైకెత్తండి" అన్నాడు. బావ ముఖంలో నరాలు పొంగాయి గానీ పాదం కదలలేదు. నేను నా కాగితం, ఆరు గీతల కాగితం, టేబుల్ మీద పెట్టి మొత్తం చెప్పాను. ఏం ఉద్యోగం చేస్తానో, ఆదివారం ఏం కొలిచానో, ఏం అన్నానో. ఆయన నన్ను తిడతాడని ఎదురుచూశాను. ఆయన కంప్యూటర్ తిప్పుకుని, పెన్ను మూతతో ముందు కింది నుంచి లెక్కపెట్టాడు. ఆగాడు. పొడుగు బొమ్మ తెరిచి పై నుంచి లెక్కపెట్టాడు.

"రిపోర్టులో ఆరు ఉన్నాయని ఒక ముక్క రాసి ఉండాల్సింది" అన్నాడు చివరికి.

"సార్, ఆపరేషన్ అప్పుడు మీరు చూసేవాళ్ళా, ఇది?"

"చూస్తాం" అన్నాడు. మళ్ళీ బొమ్మ వైపు తిరిగి, "చూసేవాళ్ళమనే అనుకుంటున్నాను" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ సీడీ నేను ముట్టకపోతే ఏమయ్యేది? గురువారం ఆపరేషన్ జరిగేది, బహుశా తప్పుచోట, బహుశా సరైనచోట. ముట్టాను కాబట్టి చోటు తెలిసింది, ముట్టాను కాబట్టే అతను రెండు రోజులు ఆ మెట్లన్నీ ఎక్కాడు. నేను కాపాడానా, చెడగొట్టానా? ఆఫీసులో కూర్చుని ఎన్నేళ్ళుగా ఎందరి నడుములకు తప్పు పేర్లు రాశానో అది వేరే లెక్క. ఇప్పుడు ప్రతి నడుమునూ పొడుగు బొమ్మ తెరిచి మెడ నుంచి లెక్కపెడుతున్నాను. ఎందుకింత లేటని మా పైవాళ్ళు అడుగుతున్నారు, నేను పళ్ళు బిగబట్టి లెక్కపెడుతూనే ఉన్నాను.

శుక్రవారం ఆపరేషన్ అయింది. సరైన చోటే, ఒత్తిడి మొత్తం తీసేశామని డాక్టరు బయటికొచ్చి చెప్పాడు. పాదం సంగతి అడిగితే, నరం నెమ్మదిగా లేస్తుంది, నెలలు పట్టొచ్చు, పూర్తిగా రాకపోవచ్చు కూడా అన్నాడు. ఆ రెండు రోజుల మెట్ల వల్లనేనా సార్ అని అడిగాను. ముందే ఎంత పోయిందో, తర్వాత ఎంత పోయిందో ఎవరూ చెప్పలేరన్నాడు. చెప్పగలిగితే బాగుండు, నా పాలెంతో తెలిసేది.

శనివారం వార్డులో బావకు ఇడ్లీ తుంచి పెడుతున్నాను. దుప్పటి కింద కుడిపాదం నిటారుగా ఉంది, ఎడమపాదం పక్కకు వాలి ఉంది. డాక్టరుకు చెప్పాను గానీ అతనితో ఇంతవరకూ నేరుగా అనలేదు, ఇంక ఆపుకోలేకపోయాను. "నేను తప్పు కొలిచిన బావా. ఒకటి కిందకి కొలిచిన. తెల్వకుంట నిన్ను అంత మాటన్న" అన్నాను.

అతను నములుతూ కిటికీ వైపు చూశాడు. తిట్టినా బాగుండేది.

"మెట్లెక్కుతుంటే కాలు లేస్తలేదని నాకు ఎర్కనే" అన్నాడు. "మొద్దుబారుకుంటనే పోయింది. అయినా ఎక్కిన. నువ్వు మూడుసార్లు కొలిచినవ్ గదా. నా కాలే అబద్ధం చెప్తున్నదనుకున్న."